టార్చి రింగు మరమ్మతు, నాలుగో పాఠం: తలకిందులైన బిళ్ల

వెలుతురు పెంచడానికి, తగ్గించడానికి టార్చి గొట్టం చుట్టూ తిప్పే రింగును ఊడదీసి దుబ్బ తుడవడం పోయిన పాఠంలో చెప్పాను. తిరిగి బిగించాక ఇప్పుడు చాలామందికి ఒకటే తంటా. రింగు తిప్పితే టార్చి వెలగడమే లేదు, లేదంటే ఎటు తిప్పినా ఒకే వెలుతురు. సర్క్యూటు బోర్డు కాలిపోయిందని కొత్తది కొనకండి. లోపలి అయస్కాంతం బిళ్ల తిరగబడి ఉంటుంది. ఊడదీసే ముందే దాని పైముఖానికి మార్కరు చుక్క పెట్టమని చెప్పాల్సింది, చెప్పలేదు. అందుకే స్ప్రింగుకు రాగి తీగ అతికే పని వచ్చే పాఠానికి జరుపుతున్నాను.

రింగుకూ బోర్డుకూ మధ్య తీగ ఉండదు. రింగులో చిన్న నియోడైమియం అయస్కాంతం బిళ్ల, గొట్టం గోడకు అవతల బోర్డు మీద అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సరు. అల్యూమినియం అయస్కాంతానికి అడ్డు రాదు కాబట్టి గోడకు బెజ్జం అక్కర్లేదు, వానకు నీళ్లూ దిగవు. బిళ్ల దగ్గరైన కొద్దీ సెన్సరు ఇచ్చే వోల్టేజి మారుతుంది, దాన్ని బట్టి డ్రైవరు, అంటే బల్బుకు కరెంటు ఇచ్చే సర్క్యూటు, కరెంటు పెంచుతుంది, తగ్గిస్తుంది. ఉత్తర ధ్రువం ఎదురైతే ఆ వోల్టేజి ఒక దిక్కుకు, దక్షిణమైతే రెండో దిక్కుకు జరుగుతుంది. బిళ్ల తిరగబడితే డ్రైవరుకు అందాల్సిన కొలత అందదు. ఏ ధ్రువానికైనా పలికే సెన్సర్లూ ఉన్నాయి, వాటికి ఈ బాధ లేదు.

సరిచేయడం ఇలా. రింగు తీసేసి, బ్యాటరీ వేసి, వెనక మూత గట్టిగా బిగించండి. అద్దం నేల వైపు ఉంచండి, కళ్లకు వద్దు. బిళ్లను వెదురు పుల్లకు టేపుతో అంటించి, రింగు కూర్చునే గాడి చుట్టూ మెల్లగా జరపండి. ఇనుప చిమటా వద్దు, బిళ్ల దానికే పట్టుకుంటుంది. ఏ ముఖం టార్చి వైపు ఉన్నప్పుడు వెలుతురు మెల్లగా పెరిగి తగ్గుతుందో అదే లోపలి ముఖం. దానికి అవతలి ముఖానికి ఇప్పుడు చుక్క పెట్టండి. రెండు ముఖాలకూ పలకకపోతే, రింగు వదులు కావాలని వేడి చేశారేమో గుర్తు చేసుకోండి. మామూలు నియోడైమియం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతుంది, చల్లారినా మొత్తం తిరిగి రాదు.

రింగు టక్కుమని ఆగడానికి ఉండే బుల్లి గోళీ, స్ప్రింగు ఎగిరిపోయాయన్నవాళ్లు ఇకమీదట పెద్ద పాలిథిన్ కవర్లో చేతులు పెట్టి విప్పండి. సైకిలు ఛర్రాలు పెద్దవి, పట్టవు. బెజ్జం కొలిచి తెచ్చుకోండి. నేనైతే గోళీ లేకుండానే బిగిస్తాను. రింగు నున్నగా తిరుగుతుంది, బత్తాయి తోటలో డ్రిప్పు పైపు వెంబడి నడిచేటప్పుడు ఎంత వెలుతురు కావాలంటే అంతే పెట్టుకోవచ్చు.

బోరు మోటరు గ్రీజు రాయకండి. నీళ్లు దిగకుండా ఉండే రబ్బరు చుట్లు (ఓ-రింగులు) కొన్ని రకాలవి దానికి ఉబ్బిపోతాయి. సిలికాన్ గ్రీజు, అదీ ఆవగింజంత చాలు. వాగు ఇసుకలో నల్ల రేణువులు, వెల్డింగు షాపు ఇనుప రజను బిళ్లకు అంటుకుని రింగును గీరుతాయి. ఊదితే పోవు. సెల్లో టేపు అద్ది లాగండి.

అభ్యాసం: రింగు ఆఫ్‌లో ఉన్నా సెన్సరు కొంత కరెంటు తాగుతూనే ఉంటుంది. దాన్ని కొలవండి. మూత తీసి, మల్టీమీటరును 10 ఆంపియర్ల మీద పెట్టి, ఒక మీటరు పుల్ల బ్యాటరీ మైనస్‌కు, రెండోది గొట్టం అంచున రంగు లేని లోహానికి తాకించండి. సున్నా చూపిస్తేనే మిల్లీ ఆంపియర్లకు మార్చండి. అప్పుడు చెయ్యి తగిలి రింగు తిరిగి టార్చి వెలిగితే మీటరు ఫ్యూజు పోతుంది. 1 మిల్లీ ఆంపియరు వస్తే 3000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ గంటల) సెల్లు 125 రోజుల్లో ఖాళీ. అంతకు మించితే వాడనప్పుడు మూతను పావు చుట్టు వదులు చేయండి. మర మీద కరెంటు పారనివ్వని అనొడైజింగు పూత ఉంటేనే ఇది పనిచేస్తుంది. తర్వాత లిథియం అయాన్ సెల్లును 4.2 వోల్టులకు నింపి, నెల రోజులు మూత బిగించి ఆఫ్‌లో ఉంచి, వారానికోసారి వోల్టేజి రాసి పెట్టండి. ఆ నాలుగు అంకెలు వచ్చే పాఠంలో కావాలి.