ఇంటి వర్క్‌షాప్‌కి మొదటి వెల్డింగ్ మిషన్ ఎలా ఎంచుకోవాలి?

నా మొదటి మిషన్ కొన్నప్పుడు నేను చూసింది ఒక్కటే, డబ్బా మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసిన ఆంపియర్లు. ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకున్నాను. ఇంటికి తెచ్చి, లావు రాడ్ తగిలించి, నాబ్ చివరిదాకా తిప్పి ఇలా గీశానో లేదో, ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) పడిపోయి ఇల్లంతా చీకటి. ఆ నాబ్‌లో సగం దాటిన అంకెలతో నాకు ఆ తర్వాత పనే పడలేదు. అందుకే మిషన్ల సంగతి కాసేపు పక్కన పెట్టి, ముందు ఇంట్లో పని చూసుకుందాం.

1. ఏం అతకాలో కాగితం మీద రాసుకోండి

వచ్చే ఏడాదిలో నిజంగా చేయబోయే పనులు రాయండి. గేటు రిపేరు, బెంచీ కాళ్లు, మొక్కల స్టాండు, బండి కింద తుప్పు పట్టిన రేకు, ఏదైనా సరే. ఒక్కోదాని పక్కన అది ఏ లోహమో, ఎంత మందమో రాయండి. మందం కంటితో అంచనా వేయకండి, వర్నియర్‌తో కొలవండి. 2 మిల్లీమీటర్లనుకున్న స్క్వేర్ పైపు చాలాసార్లు 1.2 తేలుతుంది, దాంతో మిషన్ ఎంపికే మారిపోతుంది.

మామూలు ఇనుముకి ఒక మోటు లెక్క ఉంది: మిల్లీమీటరు మందానికి సుమారు 40 ఆంపియర్లు. అంటే 3 మిల్లీమీటర్ల పట్టీకి 120. మరి 8 మిల్లీమీటర్లకి 320 కావాలా? అక్కర్లేదు. అంచులను గ్రైండర్‌తో వి ఆకారంలో చెక్కి, ఒకదాని మీద ఒకటిగా రెండు మూడు వరసలు వేస్తే తక్కువ కరెంటుతోనే పని అవుతుంది. నిజంగా 140 నుంచి 160 ఆంపియర్లు ఇచ్చే మిషన్ ఇంటి పనుల్లో చాలావాటికి సరిపోతుంది.

2. సాకెట్ ఎంత మోస్తుందో లెక్కేయండి

ఇది చాలామంది వదిలేసే మెట్టు. రాడ్ వెల్డింగ్‌లో ఆర్క్ (రాడ్ కొనకీ లోహానికీ మధ్య వెలిగే మెరుపు) వోల్టేజి కట్టే సూత్రం తేలిక: 20కి, ఆంపియర్లను 0.04తో గుణించి కలపాలి. 90 ఆంపియర్ల దగ్గర 23.6 వోల్టులు, అంటే సుమారు 2100 వాట్లు. మిషన్‌లో పోయే నష్టాలు కూడా కలిపితే 230 వోల్టుల లైను నుంచి దాదాపు 15 ఆంపియర్లు లాగుతుంది. 2.5 మిల్లీమీటర్ల రాడ్‌కి దాదాపు ఈ 90 ఆంపియర్లే చాలు, కాబట్టి మంచి 16 ఆంపియర్ల సాకెట్‌తో అది నడుస్తుంది. అదే 160 ఆంపియర్లకి పెంచితే 30 దగ్గరికి పోతుంది. అప్పుడు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి విడిగా ఒక లైను, దానికి తగిన ఎంసీబీ, ఎర్తింగ్ వేయించుకోవాల్సిందే. ఎంసీబీ ఊరికే పడిపోతోందని వైరు మార్చకుండా పెద్ద ఎంసీబీ పెట్టే పని మాత్రం చేయకండి, గోడలో వైరు కాలుతుంది.

పొడుగాటి సన్న ఎక్స్‌టెన్షన్ బాక్సూ ఇలాంటిదే. చుట్ట విప్పకుండా వాడితే వేడెక్కుతుంది, వోల్టేజి పడిపోయి ఆర్క్ నిలవదు, తప్పు మిషన్ మీదికి పోతుంది.

3. ఏ పద్ధతో తేల్చుకోండి

నా ఓటు రాడ్ వెల్డింగ్‌కే, అంటే మనందరం ఆర్క్ వెల్డింగ్ అనేదానికి. గ్యాస్ సిలిండర్ అక్కర్లేదు, గాలిలో ఆరుబయట చేసుకోవచ్చు, కాస్త తుప్పున్నా సర్దుకుంటుంది. రాడ్ మీద పూతే కాలి, కరిగిన లోహానికి గాలి తగలకుండా కాపాడుతుంది. అతుకు మీద మిగిలిన స్లాగ్‌ని, అంటే ఆ పూత గట్టిపడిన పెచ్చుని, సుత్తితో కొట్టి దులపాలి, అంతే. మొదట్లో రాడ్ అంటుకుపోతూ విసిగిస్తుంది, దానికి సిద్ధపడండి. ఇంకో చిక్కు, 1.5 మిల్లీమీటర్ల కన్నా పల్చటి రేకు మీద కొత్తవాళ్ల చేతిలో అతుకు కన్నా బొక్కలే ఎక్కువ పడతాయి.

మీ కాగితం నిండా పల్చటి రేకులే ఉంటే మిగ్ తీసుకోండి, అంటే రాడ్‌కి బదులు చుట్ట నుంచి వచ్చే వైరుతో, గ్యాస్ అండతో అతికే మిషన్. ట్రిగ్గర్ నొక్కితే వైరు దానంతటదే వస్తుంది, చేయి త్వరగా కుదురుతుంది. కానీ సిలిండర్, రెగ్యులేటర్ కావాలి, లోహం శుభ్రంగా ఉండాలి. చిన్న గాలి వీచినా గ్యాస్ చెదిరి అతుకులో బుడగలు పడతాయి. సిలిండర్ వద్దనుకుంటే అదే మిషన్‌లో ఫ్లక్స్ వైరు (రాడ్ పూత లాంటి పొడి లోపల నింపిన వైరు) వేసుకోవచ్చు. చిటపటలూ పొగా ఎక్కువే, అయినా పని జరుగుతుంది. గ్యాస్ లేకుండా వాడే ఈ ఫ్లక్స్ వైరుకి సాధారణంగా టార్చ్ నెగటివ్‌లో ఉండాలి, గ్యాస్‌తో వాడే వైరుకి పాజిటివ్‌లో. కాబట్టి టార్చ్, ఎర్త్ తీగలను ఒకదాని చోట ఒకటి మార్చుకునే వీలున్న మిషన్ చూడండి.

టిగ్ (కరగని టంగ్‌స్టన్ మొనతో, గ్యాస్ అండతో అతికే పద్ధతి) అతుకు అందంగా ఉంటుంది, నిజమే. ఒక చేత్తో టార్చ్, రెండో చేత్తో అతుకులో కరిగి కలిసే ఫిల్లర్ రాడ్, చాలా మిషన్లలో కరెంటుకి కాలి కింద పెడల్. అది మొదటిది కాదు, రెండో మిషన్‌గా కొనేది. అల్యూమినియం మీద మనసున్నవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి: చవక టిగ్‌లలో చాలావరకు డీసీ మాత్రమే, అల్యూమినియానికి మామూలుగా ఏసీ కావాలి.

4. డబ్బా కాదు, వెనకున్న ప్లేటు చదవండి

నేను మోసపోయింది ఇక్కడే. ప్రతి మిషన్ వెనకా చిన్న అక్షరాలతో ఒక రేటింగ్ ప్లేటు ఉంటుంది, ఉండాలి. అందులో ‘ఐ2’ అంటే మిషన్ ఇచ్చే కరెంటు, ‘యూ2’ అప్పటి వోల్టేజి, ‘ఐ1 మ్యాక్స్’ గోడ నుంచి గరిష్ఠంగా లాగేది. ఐ2ని యూ2తో గుణిస్తే బయటికొచ్చే వాట్లు. ఐ1ని 230తో గుణిస్తే లోపలికి పోయేది. బయటికొచ్చేది లోపలికి పోయేదానికన్నా ఎక్కువ ఉండటం ఏ మిషన్‌కీ సాధ్యం కాదు.

నా మిషన్ మీద 250 ఆంపియర్లని ఉంది. రెండో మెట్టులోని సూత్రం లెక్కన వోల్టేజి 30, వాట్లు 7500. లాగే కరెంటు మాత్రం 20 ఆంపియర్లని రాశారు, అంటే 4600 వాట్లు. షాపులో ఫోన్ తీసి రెండు గుణకారాలు చేసి ఉంటే బయటపడేది. ప్లేటే లేని మిషన్ అయితే గుణకారం కూడా అక్కర్లేదు, వదిలేయండి.

అదే ప్లేటు మీద ‘ఎక్స్’ అని ఉండేది డ్యూటీ సైకిల్. 10 నిమిషాల లెక్క అది. 120 ఆంపియర్ల కింద 60% అని ఉంటే ఆ కరెంటు మీద 6 నిమిషాలు కాల్చి 4 నిమిషాలు చల్లారనివ్వాలి. ఇది ఏ ఉష్ణోగ్రత దగ్గర కొలిచారో చూడండి. 40 డిగ్రీలంటే నమ్మొచ్చు. 20 డిగ్రీల దగ్గర కొలిచి గొప్పగా రాసుకుంటే ఎండాకాలం రేకుల షెడ్డులో అంత రాదు. చివరగా ‘యూ0’, రాడ్ తగలకముందు ఉండే వోల్టేజి. ఇది 70 దగ్గర ఉంటే 7018 (రాడ్ రకాన్ని చెప్పే నంబరు) లాంటి మొండి రాడ్లు కూడా తేలిగ్గా వెలుగుతాయి.

ఇన్వర్టరా, పాత ట్రాన్స్‌ఫార్మర్ రకమా అంటే, ఇంటికి డీసీ ఇన్వర్టరే (కరెంటు పోతే వాడే ఇన్వర్టర్ కాదు, ఎలక్ట్రానిక్ సర్క్యూట్‌తో నడిచే వెల్డింగ్ మిషన్). ఒంటి చేత్తో మోయొచ్చు, ఆర్క్ కుదురుగా ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ తరాలు మన్నుతుంది కానీ ఎత్తితే నడుం పట్టేస్తుంది. ఇన్వర్టర్‌కి శత్రువు గ్రైండర్ దుమ్ము. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టకండి.

5. డబ్బంతా మిషన్‌కే పెట్టకండి

ఆర్క్ వెలగగానే అద్దం దానంతటదే నల్లబడే ఆటో డార్క్ హెల్మెట్, 9 నుంచి 13 షేడ్ (నలుపు స్థాయి) వరకు మార్చుకునేది తీసుకోండి. ఒక్క క్షణమే కదా అని వట్టి కళ్లతో ఆర్క్ చూస్తే వెంటనే ఏమీ తెలియదు, కొన్ని గంటలయ్యాక కళ్లల్లో ఇసుక పోసినట్టు ఉంటుంది. తోలు గ్లౌజులు, మందపాటి నూలు చొక్కా, తోలు బూట్లు. పాలిస్టర్ బట్టలు కరిగి ఒంటికి అంటుకుంటాయి. మిగతావి చిప్పింగ్ సుత్తి, వైర్ బ్రష్, నాలుగు క్లాంపులు, మంటలార్పే సిలిండర్.

జింకు పూత ఉన్న పైపుల పొగ పీలిస్తే ఆ రాత్రి చలిజ్వరం రావచ్చు. అతికే చోట పూత గీకేసి, గాలాడే చోట మాస్కుతో చేయండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచినదాన్ని అసలు కాల్చకండి, ఆర్క్ తగిలితే విషవాయువు పుడుతుంది. ఒకప్పుడు పెట్రోలు, నూనె నిలవచేసిన డబ్బాలు ఇప్పుడు ఖాళీగా ఉన్నా అతకడానికి ముట్టుకోవద్దు. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ని అడగాలి.

6. తిరిగిచ్చే గడువులోపే పరీక్షించండి

6013 రాడ్లు 2.5 మిల్లీమీటర్లవి ఒక ప్యాకెట్, 4 మిల్లీమీటర్ల పట్టీ ముక్కలు కొన్ని తెచ్చుకోండి. కరెంటు 80 దగ్గర పెట్టి, ఎర్త్ క్లాంప్ (మిషన్ రెండో తీగని లోహానికి పట్టించే క్లిప్పు) పెట్టే చోట రంగు గీకేసి, వరసగా పది రాడ్లు కాల్చండి. ఆర్క్ మధ్యలో ఆరిపోతోందా, ఫ్యాన్ తిరుగుతోందా, కేబుల్, ప్లగ్ ముట్టుకోలేనంత కాలాయా అన్నది చూడండి. తర్వాత రెండు ముక్కలను టీ ఆకారంలో ఒకవైపే అతికి, వైస్‌లో బిగించి, అతుకు వైపుకి వాలేలా సుత్తితో కొట్టండి. అతుకు ఊడి కింద పట్టీ నున్నగా కనిపిస్తే లోహం కలవలేదన్నమాట. కరెంటు ఇంకో పది పెంచి, చేయి కాస్త నెమ్మది చేసి మళ్లీ అతకండి. 100 దాటినా అదే వరస అయితే, మీకన్నా చేయి తిరిగినవాళ్లెవరితోనైనా ఒక రాడ్ కాల్పించి చూసి, వాళ్లకీ కలవకపోతే బిల్లు పట్టుకుని షాపుకి బయల్దేరండి.