చాల్కోన్ స్ఫటికంలో దాగిన జంట

ఇథనాల్‌ను నెమ్మదిగా ఆవిరి కానిచ్చి పెంచిన మిథాక్సీ చాల్కోన్ (రెండు బెంజీన్ వలయాలను కీటోన్, ద్విబంధం కలిపే సేంద్రియ సమ్మేళనం) స్ఫటికం సూక్ష్మదర్శిని కింద నిర్మలంగానే కనిపించింది. ఎక్స్-రే వివర్తనంతో దాని అణు నిర్మాణం కూడా మొదటి ప్రయత్నంలోనే తేలింది. కానీ ఎంత సవరించినా ఆర్ విలువ (నమూనాకూ కొలతలకూ మధ్య తేడా, ఎంత తక్కువైతే అంత మంచిది) 0.14 దగ్గరే నిలిచిపోయింది. పైగా 1.33 ఆంగ్‌స్ట్రామ్‌లకు దగ్గరగా ఉండవలసిన కార్బన్-కార్బన్ ద్విబంధం 1.39గా వచ్చింది. ఫినైల్ వలయం రెండు స్థానాల్లో ఉందనుకొని, ఆ అస్తవ్యస్తతను నమూనాలో ఇమిడ్చడానికే రెండు రోజులు వెచ్చించాను, అది తప్పుదారి.

అసలు ఆధారం నిర్మాణాన్ని సవరించే ప్రోగ్రామ్ అయిన షెల్‌ఎక్స్‌ఎల్ ఫలితాల చివర, ఎక్కువగా విభేదించే ప్రతిబింబాల (స్ఫటికం నుంచి వివర్తనం చెందిన ఎక్స్-రే కిరణాల) పట్టికలో ఉంది: దాదాపు అన్నింటిలోనూ కొలిచిన తీవ్రత లెక్కించిన దానికంటే ఎక్కువ. స్ఫటికంలో పునరావృతమయ్యే చిన్న పెట్టె అయిన మోనోక్లినిక్ యూనిట్ సెల్‌లో బీటా కోణం 90.1 డిగ్రీలే కావడంతో, 'ఏ' అక్షం చుట్టూ 180 డిగ్రీలు తిరిగి పెరిగిన మరో భాగపు ప్రతిబింబాలు మొదటి భాగపు వాటిపైనే పడుతున్నాయి. అంటే ఇది జంట స్ఫటికం (ట్విన్). ట్విన్ ఆదేశంలో ఆ తిరుగుడును తెలిపే 1 0 0, 0 -1 0, 0 0 -1 మాత్రికను ఇచ్చి, బాస్ఫ్‌ను (రెండో భాగపు వాటాను) 0.3తో మొదలుపెట్టగా, అది 0.27 వద్ద స్థిరపడింది, ఆర్ 0.046కు దిగింది, ద్విబంధం 1.33కు చేరింది. అస్తవ్యస్తత నమూనాను పూర్తిగా తొలగించాను. ఆ తరువాత ద్విబంధపు రెండు హైడ్రోజన్‌లూ తేడా పటంలో (కొలిచిన, లెక్కించిన ఎలక్ట్రాన్ సాంద్రతల తేడాను చూపేది) ట్రాన్స్ విన్యాసంలో, అంటే ద్విబంధానికి ఎదురెదురు వైపుల, స్పష్టంగా కనిపించాయి.