షేర్డ్ డెస్క్‌కి ఫోన్ తగిలించి సొంత కంప్యూటర్‌లా వాడుకోవడం ఎలా

ఎవరి సీటూ ఖాయం కాని ఆఫీసుల్లో, కో-వర్కింగ్ సెంటర్లలో డెస్క్ మీద మానిటర్, కీబోర్డు, మౌసు, ఒక డాక్ (మానిటర్, కీబోర్డు, ఛార్జర్ వైర్లన్నీ తగిలించే చిన్న పెట్టె) ఉంటాయి. సరైన ఫోన్ జేబులో ఉంటే ల్యాప్‌టాప్ మోసుకెళ్లక్కర్లేదు. ఫోన్ తగిలిస్తే మీ మెయిల్, మీ ఫైళ్లు, మీ లాగిన్‌లు ఆ మానిటర్ మీదికి వస్తాయి, తీసేస్తే ఫోన్‌తోనే వెళ్లిపోతాయి. శాంసంగ్ 2017లో గెలాక్సీ ఎస్8తో ఇలాంటి ఏర్పాటును డెక్స్ పేరుతో తెచ్చింది. మొదట్లో దానికి ప్రత్యేకమైన స్టాండు కొనాల్సి వచ్చేది. 2018లో నోట్ 9 నుంచి మామూలు కేబుల్‌తోనే పని జరుగుతోంది. ఇక్కడి వివరాలు డెక్స్‌ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. కేబుల్, డాక్ గురించి చెప్పేవి మాత్రం మిగతా కంపెనీల ఫోన్లకూ వర్తిస్తాయి.

ముందు ఫోన్ సంగతి. టైప్-సి పోర్టు ఉన్నంత మాత్రాన వీడియో బయటికి రాదు. ఆ పోర్టుకి డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్, అంటే టైప్-సి పోర్టులోంచి వీడియో పంపే సదుపాయం ఉండాలి. గెలాక్సీ ఎస్ సిరీస్, జెడ్ ఫోల్డ్ ఫోన్లకు ఉంది. ఎ, ఎం సిరీస్ ఫోన్లలో దాదాపు దేనికీ లేదు. పిక్సెల్ ఫోన్లలో పిక్సెల్ 8 నుంచి వీడియో వస్తుంది. ఐఫోన్ 15, ఆ తర్వాతివి కూడా మానిటర్‌కి తగులుతాయి గానీ ఫోన్ తెరనే పెద్దగా చూపిస్తాయి, విండోలతో డెస్క్‌టాప్‌లా మారవు.

ఎక్కువమంది ఇరుక్కునేది కేబుల్ దగ్గర. చాలా ఫోన్ల డబ్బాల్లో వచ్చే సి-టు-సి కేబుల్ (రెండు చివరలా టైప్-సి ఉన్నది) ఛార్జింగ్‌కి బాగానే పనిచేస్తుంది, వీడియోకి మాత్రం పనికిరాదు. దాని లోపల యుఎస్‌బి 2.0 తీగలే ఉంటాయి, వీడియో మోసే హైస్పీడ్ తీగలు ఉండవు. చూడ్డానికి ఇదీ, వీడియో మోసే కేబులూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఫోన్ పాడైందనో, డాక్ పాడైందనో అనుకుంటారు. డాక్‌కి అతికే ఉన్న పొట్టి కేబుల్ అయితే ఈ గొడవ లేదు. విడిగా కొనేటప్పుడు యుఎస్‌బి 3.2 అనీ, వీడియో సపోర్ట్ అనీ రాసి ఉన్న ఒక మీటరు లోపు కేబుల్ తీసుకుని, అది మీ బ్యాగులోనే ఉంచుకోండి.

డాక్‌ల్లోనూ తేడాలున్నాయి. ల్యాప్‌టాప్‌ల కోసం కొన్న డిస్‌ప్లేలింక్ డాక్ ఉంటే ఫోన్‌కి డెక్స్ రాదు. అది వీడియోని సాఫ్ట్‌వేర్ ద్వారా పంపే రకం. దానికి ఆండ్రాయిడ్ యాప్ ఉన్నా ఫోన్ తెర నకలు మాత్రమే కనిపిస్తుంది. పాత థండర్‌బోల్ట్ 3 (ల్యాప్‌టాప్‌ల హైస్పీడ్ కనెక్షన్) డాక్‌లలో చాలావరకు ఫోన్‌ని అసలు గుర్తించవు. హెచ్‌డిఎంఐ, రెండు మూడు యుఎస్‌బి పోర్టులు, పిడి (పవర్ డెలివరీ అనే ఫాస్ట్ ఛార్జింగ్ పద్ధతి) ఛార్జింగ్ ఇన్‌పుట్ ఉన్న మామూలు టైప్-సి హబ్, అంటే చిన్న డాక్ చాలు. దానికి కనీసం 45 వాట్ల పిడి ఛార్జర్ పెట్టండి, 65 అయితే ఇంకా మంచిది. డాక్ తను వాడుకునే కరెంటు తీసుకుని మిగిలిందే ఫోన్‌కి ఇస్తుంది. ఛార్జర్ లేకుండా తగిలిస్తే ఉల్టా ఫోనే డాక్‌కి కరెంటు ఇవ్వాల్సి వస్తుంది. బ్యాటరీ త్వరగా అయిపోతుంది, పెన్‌డ్రైవ్‌లు మధ్యలో ఊడిపోతుంటాయి.

తగిలించే వరుస ఇది: మొదట డాక్‌కి ఛార్జర్, తర్వాత హెచ్‌డిఎంఐ, కీబోర్డు, మౌసు, చివర్లో ఫోన్. మానిటర్ ఇన్‌పుట్‌ని సరైన హెచ్‌డిఎంఐకి మార్చండి. ఫోన్ మీద డెక్స్ వాడాలా, తెరను మిర్రర్ చేయాలా (ఉన్నదున్నట్టు చూపించాలా) అని అడిగితే డెక్స్ ఎంచుకోండి. ఏమీ అడగకపోతే క్విక్ ప్యానెల్‌లో (తెర పైనుంచి కిందికి లాగితే వచ్చే బటన్ల వరుసలో) డెక్స్ బటన్ నొక్కండి. మౌసు లేకపోతే ఫోన్ తెరనే టచ్‌ప్యాడ్‌గా వాడుకోవచ్చు.

4కె మానిటర్ మీద మౌసు పాయింటరు ఈడ్చుకుంటూ కదులుతుంటే డాక్ 30 హెర్ట్జ్ (సెకనుకి 30 ఫ్రేములు) మాత్రమే ఇస్తోందని అర్థం. టైప్-సి కేబుల్‌లో డేటా వెళ్లే నాలుగు హైస్పీడ్ దారులు, అంటే లేన్‌లుంటాయి. చాలా హబ్‌లు వాటిలో రెండింటిని యుఎస్‌బి 3కి ఇచ్చి, మిగతా రెండింటితోనే వీడియో నడుపుతాయి. మామూలు హబ్‌లలో ఆ రెండు లేన్‌ల మీద 4కె వీడియో సెకనుకి 30 ఫ్రేములకు మించి రాదు. డెక్స్ సెట్టింగ్స్‌లో రిజల్యూషన్‌ని 1080పికి తగ్గిస్తే 60 హెర్ట్జ్ వస్తుంది. అక్షరాలు కాస్త మొద్దుగా కనిపించినా రోజంతా పనిచేసేవాళ్లకి అదే మేలు.

శబ్దం రాలేదంటే అది మానిటర్‌కి పోతోందన్నమాట. హెచ్‌డిఎంఐ తగలగానే ఆడియో అటు మళ్లుతుంది, ఆఫీసు మానిటర్లకేమో తరచూ స్పీకర్లుండవు. క్విక్ ప్యానెల్‌లో మీడియా అవుట్‌పుట్‌ని ఫోన్‌కో హెడ్‌సెట్‌కో మార్చండి.

వైర్డ్ కీబోర్డు గానీ, చిన్న రిసీవర్‌తో పనిచేసేది గానీ డెస్క్ మీద ఉంటే బ్లూటూత్ జోలికి పోకండి. నిన్న కూర్చున్నవాళ్ల ఫోన్ పక్క గదిలోనే ఉంటే బ్లూటూత్ కీబోర్డు దానికే వెళ్లి అతుక్కుంటుంది. తప్పనప్పుడు లాజిటెక్ కె380 లాంటి మూడు ఛానెళ్ల కీబోర్డులో ఒక ఛానెల్ మీట మూడు సెకన్లు నొక్కిపట్టండి, లైట్ గబగబా మెరిసినప్పుడు ఫోన్‌తో జత చేయండి. తెలుగు టైపింగ్‌కి ఫోన్‌లో అలవాటైన కీబోర్డే కావాలంటే ఫిజికల్ కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ఆన్-స్క్రీన్ కీబోర్డ్ చూపించే ఆప్షన్ ఆన్ చేయండి.

డాక్‌లోని ల్యాన్ పోర్టు వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. నెట్‌వర్క్‌కి కనిపించే మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఒక పరికరాన్ని గుర్తుపట్టే నంబరు) డాక్‌ది, మీ ఫోన్‌ది కాదు. మ్యాక్ అడ్రస్ చూసి అనుమతించే ఆఫీసుల్లో ఒక డెస్క్ దగ్గర ఇంటర్నెట్ వచ్చి పక్క డెస్క్ దగ్గర రాకపోవడానికి తరచూ ఇదే కారణం. ఐటీ వాళ్లకి చెప్పాల్సింది డాక్ అడుగున రాసి ఉండే మ్యాక్ నంబరు.

ఇక భద్రత. ఇందులో బద్ధకం అస్సలు పనికిరాదు. కూర్చోగానే కీబోర్డు వైరు పట్టుకుని డాక్ దాకా చూడండి. మధ్యలో పెన్‌డ్రైవ్ సైజులో ఏదైనా తగిలించి ఉంటే అది మీరు కొట్టే ప్రతి అక్షరాన్నీ దాచుకునే కీలాగర్ కావచ్చు, ఆ డెస్క్ వదిలేసి ఐటీ వాళ్లకి చెప్పండి. ఎలా ఉన్నా పాస్‌వర్డ్‌లు ఆ కీబోర్డు మీద కొట్టకుండా వీలైన చోటల్లా ఫోన్ మీది వేలిముద్రతోనే లాగిన్ అవ్వండి. నోటిఫికేషన్‌లలో మెసేజ్ పూర్తిగా కనిపించకుండా దాచే సెట్టింగ్ పెట్టుకోండి. ఓటీపీ 27 అంగుళాల తెర మీద వస్తే వెనక నడిచేవాళ్లందరికీ కనిపిస్తుంది. టీకి లేచినా ఫోన్ డాక్ నుంచి తీసి వెంట పట్టుకెళ్లండి, అప్పుడు అక్కడ మిగిలేది ఖాళీ తెరే.

రోజూ ఎనిమిది గంటలు డాక్ మీద ఉండే ఫోన్‌కి వేడే అసలు శత్రువు. మందపాటి కవరు తీసేయండి, గాలి తగిలేలా నిలబెట్టండి, బ్యాటరీ ప్రొటెక్షన్‌లో ఛార్జింగ్‌ని 80 శాతానికి ఆపేయండి.

లేచేటప్పుడు తెరిచిన ఫైళ్లు సేవ్ చేసి, పెన్‌డ్రైవ్ ఉంటే ముందు ఫోన్‌లో అన్‌మౌంట్ చేసి (సురక్షితంగా తీసే ఆప్షన్ నొక్కి), ఆ తర్వాతే ఫోన్ పీకండి. బ్లూటూత్‌తో జత చేసిన వాటిని ఫోన్‌లో ఫర్‌గెట్ కొట్టండి, లేకపోతే రేపు మీరు ఇంకో డెస్క్‌లో ఉండగా మీ కాల్ ఈ డెస్క్ హెడ్‌సెట్‌లో మోగుతుంది. మానిటర్ ఇన్‌పుట్ మళ్లీ ఆటోకి పెట్టి వెళ్తే తర్వాత వచ్చేవాళ్లు బటన్ల కోసం తడుముకోకుండా పని మొదలుపెట్టుకుంటారు.