వంశవృక్షం చదవడం నేర్చుకుందాం – 3: ఎక్స్ దారి

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క. తల్లీ తండ్రీ ఇద్దరూ సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బుకు వాహకులు, అంటే తమకు జబ్బు లేకున్నా లోపమున్న జన్యువును మోసేవాళ్లు. కూతురికి జబ్బు లేదు. ఆమె వాహకురాలయ్యే అవకాశం ఎంత? జవాబు 2/3. 1/2 అని రాసి ఉంటే మళ్లీ చూడండి. ఆమెకు జబ్బు లేదని తెలిసిపోయింది కాబట్టి తల్లిదండ్రుల జన్యువులు కలిసే నాలుగు రకాలకు గీసిన నాలుగు గళ్లలో జబ్బు గడిని కొట్టేయాలి. మిగిలిన మూడింటిలో రెండు వాహకులవి.

ఈసారి ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండే జన్యువులు. ఆడవాళ్లకు ఎక్స్‌లు రెండు. ఒకదాని మీద లోపం ఉన్నా, మామూలుగా రెండోది పని నెట్టుకొస్తుంది. మగవాళ్లకు ఉన్నది ఒక్కటే, అదీ తల్లి ఇచ్చిందే. తండ్రి కొడుక్కి వై ఇస్తాడు, కూతురికి తన ఒకే ఒక్క ఎక్స్ ఇస్తాడు. ఈ ముక్క గట్టిగా పట్టుకోండి, మిగతాదంతా దీన్నుంచే వస్తుంది.

కాగితం తీయండి. ఆడవాళ్లకు వృత్తం, మగవాళ్లకు చతురస్రం; జబ్బు ఉంటే నలుపు, వాహకురాలైతే మధ్యలో చుక్క. పైన వృత్తం బ్రిటన్ రాణి విక్టోరియా, పక్కన చతురస్రం ఆమె భర్త ఆల్బర్ట్. వాళ్ల తొమ్మిది మంది పిల్లల్లో ఇప్పటికి ముగ్గురు చాలు: ఎడ్వర్డ్, ఆలిస్, లియోపోల్డ్. లియోపోల్డ్‌ది నల్లగా నింపండి. అతనికి హీమోఫిలియా, అంటే రక్తం గడ్డకట్టని జబ్బు. 1884లో జారిపడి, ముప్పై ఏళ్లకే చనిపోయాడు. ఆలిస్ కింద ఆమె కూతురు అలెగ్జాండ్రా. ఆమె రష్యా చక్రవర్తి రెండో నికొలస్ భార్య. ఆమె కింద 1904లో పుట్టిన కొడుకు అలెక్సీ, మరో నల్ల చతురస్రం.

ఇప్పుడు కింది నుంచి పైకి చదవండి. అలెక్సీ ఎక్స్ అలెగ్జాండ్రా నుంచే రావాలి, కాబట్టి ఆమె వృత్తంలో చుక్క పెట్టండి. ఆమెకు ఎవరిచ్చారు? తండ్రికి జబ్బు లేదు, కాబట్టి ఆలిస్. ఆలిస్‌కు? ఆల్బర్ట్‌కూ లేదు, కాబట్టి విక్టోరియా. ఏ పరీక్షా లేకుండానే మూడు చుక్కలు పడ్డాయి! రోమనోవ్ కుటుంబం, అంటే నికొలస్ కుటుంబం, ఎముకల డీఎన్ఏను పరీక్షించి 2009లో ప్రకటించిన ఫలితమూ ఇదే చెప్పింది: అది హీమోఫిలియా బి, లోపం ఎక్స్ మీది ఎఫ్9 జన్యువులో ఉంది.

ఇలాంటి పటంలో ఖాళీ చతురస్రాన్ని నమ్మొచ్చు, ఖాళీ వృత్తాన్ని నమ్మకూడదు. ఎడ్వర్డ్‌ది ఖాళీ, అతని సంతతికి అతని నుంచి ఈ జబ్బు రాలేదు. ఖాళీగా కనిపించిన ఆలిస్ నుంచి మాత్రం రష్యా దాకా వెళ్లింది. ఒక్క మాట. ఏ ఎక్స్ బిడ్డకు వెళ్లాలన్నది తల్లి చేతిలో లేదు. ఇలాంటి జబ్బుకు తల్లిని తప్పుపట్టడం అన్యాయం.

అభ్యాసం: లియోపోల్డ్‌కు ఒక కూతురు, ఒక కొడుకు. ఎవరికి చుక్క కచ్చితం, ఎవరికి జబ్బు రాదు? అలెగ్జాండ్రా నలుగురు కూతుళ్లలో ఒక్కొక్కరు వాహకురాలయ్యే అవకాశం ఎంత? కారణంతో సహా రాయండి. జవాబులు నాలుగో పాఠంలో.