అమెరికన్ సింగిల్ మాల్ట్ రుచి చూడటం, 4వ పాఠం: ఈ పొగ ఏ కట్టెది?

కిందటి పాఠంలో పొగలేని మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీతో చేసే విస్కీ) తీసుకుని గింజ తీపినీ పీపా వాసననూ విడదీశాం. ఈసారి పొగ పట్టిన మాల్ట్. పొగ విస్కీ అనగానే చాలామంది మనసు స్కాట్లండ్‌లోని ఐలా దీవికి పోతుంది. ఆ కొలతతో అమెరికన్ సీసా తెరిస్తే "ఇందులో పొగేదీ?" అనిపిస్తుంది. పొగ ఉంటుంది, కింద మండేది మారిందంతే: ఐలాది పీట్ (చిత్తడి నేలల్లోంచి తీసి మండించే మట్టిలాంటిది) పొగ, ఇక్కడ చాలాసార్లు కట్టె పొగ.

అమెరికన్ సింగిల్ మాల్ట్‌కు ప్రభుత్వ నిర్వచనం 2025 జనవరి 19 నుంచి అమల్లోకి వచ్చింది. పూర్తిగా మాల్ట్ చేసిన బార్లీ, ఒకే డిస్టిలరీలో బట్టీ, 700 లీటర్లకు మించని ఓక్ పీపాలు, సీసాలో కనీసం 40 శాతం ఆల్కహాల్. పొగ దేనితో పెట్టాలన్న షరతు మాత్రం లేదు. అందుకే ఒక్కొక్కరిది ఒక్కో దారి. అరిజోనాలోని టూసాన్‌లో చేసే విస్కీ డెల్ బాక్ డొరాడోకీ, న్యూమెక్సికో కోల్కెగన్‌కీ మెస్కీట్ కట్టె పొగ పెడతారు. సియాటిల్‌లోని వెస్ట్‌లాండ్ వాళ్లు పీట్‌తోనూ చేస్తారు. నాష్‌విల్ కోర్సేర్ ట్రిపుల్ స్మోక్‌లో చెర్రీ కట్టె, బీచ్ కట్టె, పీట్ మూడూ ఉంటాయి.

మెస్కీట్ అంటే మనకు కొత్తేమీ కాదు. మన చెరువు గట్ల మీద, బీడు భూముల్లో అల్లుకుపోయిన సర్కారు తుమ్మ దాని దగ్గరి చుట్టమే. తుమ్మబొగ్గుల మీద మొక్కజొన్న పొత్తు కాల్చినప్పటి వాసన తెలిసినవాళ్లకు ఈ పాఠం సగం వచ్చినట్టే.

తేడా ఎక్కడ పుడుతుందో చూడండి. మొలకెత్తిన బార్లీని ఆరబెట్టేటప్పుడు కింద మండేదాని పొగ గింజ పొట్టుకు పడుతుంది. గట్టి కట్టె మండితే గ్వాయకాల్, సిరింగాల్ అనే రసాయనాలు ఎక్కువ వస్తాయి. వాటిది తియ్యని పొయ్యి వాసన. పీట్ అంటే చిత్తడి నేలల్లో వేల ఏళ్లుగా సగం కుళ్లి పేరుకున్న నాచు, గడ్డి. దాని పొగలో ఫినాల్, క్రెసాల్ కూడా గట్టిగా ఉంటాయి. టింక్చరు, తారు, ఆసుపత్రి వరండా గుర్తొచ్చేది వాటివల్లే.

ఇక గ్లాసుల పని. తులిప్ ఆకారంలో, మూతి సన్నగా ఉన్నవి మూడు కావాలి. వెడల్పు గ్లాసులో పొగకన్నా ముందు స్పిరిట్ ఘాటు ముక్కుకు తగులుతుంది. ఒక్కోదాంట్లో 15 మి.లీ. పోయండి. మొదట పొగలేనిది, తర్వాత మెస్కీట్, చివర పీట్. పీట్ ముందు తాగితే మిగతా రెండూ చప్పబడిపోతాయి. ఐస్ వద్దు, చల్లదనానికి వాసన ముడుచుకుపోతుంది. పది నిమిషాలు కదపకుండా ఉంచి, నోరు కొంచెం తెరిచి, గ్లాసును గడ్డం దగ్గర నుంచి మెల్లగా పైకి తెస్తూ వాసన చూడండి. మూడు నాలుగు సార్లకే ముక్కు పొగకు అలవాటు పడి, అది తగ్గిపోయినట్టు అనిపిస్తుంది. అప్పుడు మోచేతి మడతలో మీ చర్మం వాసన చూసి, నిమిషం ఆగి మళ్లీ మొదలుపెట్టండి.

ఇక్కడ ఎక్కువమంది పొరబడేది పీపా దగ్గర. కొత్త ఓక్ పీపా లోపల కాల్చి ఉంటుంది కాబట్టి వెనిలా, మాడిన చక్కెర, కాస్త బొగ్గు వాసన దానినుంచీ వస్తాయి. గుక్క మింగి ముక్కుతో గాలి వదలండి. వాసన ముందు నాలుకమీదే తియ్యగా ఆగిపోతే పీపా. గొంతు వెనకనుంచి పొగ తిరిగొచ్చి రెండు మూడు నిమిషాలు నిలిస్తే మాల్ట్.

తర్వాత నీళ్లు. డొరాడో 45 శాతం. 15 మి.లీ.కి అర టీస్పూను (2.5 మి.లీ.) కలిపితే 38.6 శాతానికి, ఇంకో అర టీస్పూనుతో 33.75కు దిగుతుంది. మొదటి అర టీస్పూనుకే పొగ విచ్చుకుంటుంది, రెండోదానికి గింజ తీపి బయటపడుతుంది. ఆపైన పలచనే. క్లోరిన్ వాసన కొట్టే కుళాయి నీళ్లు మాత్రం పోయకండి. క్లోరిన్, ఫినాల్ కలిస్తే మందులషాపు వాసన పుడుతుంది, ఆ నేరం పీట్ మీద పడుతుంది.

మంచింగ్ విషయానికొస్తే, ఉప్పు, కొవ్వు, కాస్త తీపి ఉన్నది ఏదైనా పొగకు సరిపోతుంది. మెస్కీట్‌కు పాత చెడ్డార్ చీజ్, నెయ్యిలో వేయించిన జీడిపప్పు, వేయించిన పెకాన్ గింజలు, పల్లీపట్టీ బాగుంటాయి. పీట్‌కు ఉప్పటి పచ్చి ఆయిస్టర్లు, బ్లూ చీజ్. టెక్సాస్ బ్రిస్కెట్‌తో (పొగమీద నెమ్మదిగా వండిన గొడ్డు ఛాతీ మాంసం) తాగాలంటే కొవ్వున్న ముక్క తీసుకోండి. కొవ్వు లేని ముక్కకు పొగ విస్కీ తోడైతే నోట్లో బూడిదే మిగులుతుంది. వెనిగర్ సాసు పక్కన పెట్టండి. 70 శాతం డార్క్ చాక్లెట్ చేదుమీద చేదు, పాల చాక్లెటే మేలు.

మనవాళ్లకు కష్టంగా ఉండే మాట ఒకటుంది: గుంటూరు కారం వేసిన వేపుడు దీనికి పనికిరాదు. నోట్లో మిరప మంటను పసిగట్టే గ్రాహకాన్నే ఆల్కహాల్ కూడా రేపుతుంది. మంట రెట్టింపవుతుంది, పొగ అసలు కనబడదు. మటనే కావాలంటే ఉప్పు, అల్లం, నెయ్యితో వేయించి, కారం చిటికెడుకే ఆపండి. ముందు ముక్క నమిలి మింగి, నోట్లో కొవ్వు పూత ఉండగానే చిన్న గుక్క తీసుకోండి.

వచ్చే పాఠంలోపు చేయాల్సిన పని: మూడు గ్లాసుల అడుగున గుర్తులు పెట్టి, ఇంకొకరి చేత స్థానాలు మార్పించి, వాసనతోనే కట్టె పొగ ఏదో, పీట్ ఏదో రాయండి. ఖాళీ కడుపుతో కూర్చోవద్దు. మొత్తం 45 మి.లీ. దాటకండి, ఆ రోజు బండి తీయకండి. మూడుసార్లలో రెండుసార్లు సరిగ్గా చెప్పగలిగితే 5వ పాఠానికి రండి, లేదంటే వేరే రోజు మళ్లీ మొదటి గ్లాసు నుంచి.