మెట్రో లైన్ల రంగులు టెర్మినల్లో

హైదరాబాద్ మెట్రో స్టేషన్లను ప్రింట్ చేసే చిన్న పైథాన్ ప్రోగ్రామ్ ఉందనుకోండి. మియాపూర్–ఎల్బీనగర్ రెడ్ లైన్, నాగోల్–రాయదుర్గం బ్లూ, జేబీఎస్–ఎంజీబీఎస్ గ్రీన్. ఏ లైన్ స్టేషన్ ఆ రంగులో పడాలి.

ఇంతమాత్రానికి లైబ్రరీ అక్కర్లేదు. టెర్మినల్‌కి (కమాండ్లు టైప్ చేసే విండో) రంగు మార్చమని చెప్పే కోడ్ ఇలా ఉంటుంది: ముందు ఎస్కేప్ క్యారెక్టర్ (ఆస్కీలో 27, ఆక్టల్లో 033), వెంటనే స్క్వేర్ బ్రాకెట్, రంగు నంబరు, చివర ఇంగ్లిష్ స్మాల్ లెటర్ ఎమ్. మధ్యలో స్పేస్ ఉండకూడదు. ఎరుపు 31, ఆకుపచ్చ 32, నీలం 34. అంటే \033[31 పక్కన ఎమ్, తర్వాత స్టేషన్ పేరు, ఆపైన \033[0 పక్కన మళ్లీ ఎమ్. ఈ సున్నా రంగును ఆపేస్తుంది. అది మర్చిపోతే ప్రోగ్రామ్ అయిపోయాక ప్రాంప్ట్ (కమాండ్ కోసం ఎదురుచూసే లైన్) కూడా ఎర్రబడొచ్చు. అప్పుడు రీసెట్ కమాండ్ కొట్టండి. పైథాన్ కాకుండా బ్యాష్ షెల్ స్క్రిప్ట్‌లో అయితే ఎకో బదులు ప్రింట్‌ఎఫ్ వాడండి. ఉత్త ఎకో ఆ 033ని ఉన్నదున్నట్టు స్క్రీన్ మీద పడేస్తుంది.

నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద 34 కళ్లు చికిలించినా సరిగ్గా కనపడదు. నాగోల్ లైన్‌కి 94 పెట్టండి, అదే నీలం కాస్త వెలుగుతో వస్తుంది. 90 నుంచి 97 దాకా అన్నీ ఇలాంటివే.

అందరూ బోల్తా పడేది కాలమ్‌ల దగ్గర. మియాపూర్ ఇంగ్లిష్‌లో 7 అక్షరాలు. రంగు కోడ్ 5, రీసెట్ కోడ్ 4 క్యారెక్టర్లు. రంగు వేసేశాక 15 వెడల్పుకి సర్దమంటే పైథాన్ లెక్కలో అది అప్పటికే 16, కాబట్టి ఒక్క స్పేసూ చేర్చదు. పక్క కాలమ్ వచ్చి పేరుకి అతుక్కుంటుంది. ముందు పేరును 15కి సర్ది, ఆ తర్వాతే రంగు వేయండి. (పేర్లు తెలుగులో రాస్తే గుణింతాలూ ఒత్తులూ విడివిడి క్యారెక్టర్లుగా లెక్కకొస్తాయి. అది ఇంకో తలనొప్పి.)

అవుట్‌పుట్‌ని ఫైల్లోకి మళ్లిస్తే ఈ కోడ్‌లన్నీ చెత్తలా అందులో చేరతాయి, గ్రెప్‌తో వెతికినా పేరు పక్కనే తగులుతుంటాయి. అందుకే ఎస్‌టీడీఅవుట్ (మామూలు అవుట్‌పుట్ వెళ్లే దారి) మీద ఈజ్‌ఏటీటీవై (అది టెర్మినలేనా అని చెప్పే ఫంక్షన్) అడిగి, అవునంటేనే రంగు వేయాలి. ఎర్రర్లు ఎస్‌టీడీఎర్‌కి వెళ్తుంటే దాన్ని విడిగా అడగాలి. ఒకటి ఫైల్లోకి పోతున్నా రెండోది స్క్రీన్ మీదే ఉండొచ్చు. నో-కలర్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (రెండు మాటల మధ్య అండర్‌స్కోర్) ఖాళీగా కాకుండా సెట్ చేసి ఉంటే రంగులు మానేయండి. లెస్‌లో (అవుట్‌పుట్‌ని పేజీలుగా చూపే ప్రోగ్రామ్) రంగులతోనే చూడాలనుకునేవాళ్లు దానికి హైఫన్ క్యాపిటల్ ఆర్ ఇవ్వాలి. కానీ అవుట్‌పుట్‌ని పైప్‌తో లెస్‌కి పంపినప్పుడు మీ ఈజ్‌ఏటీటీవై రంగు ఆపేసి ఉంటుంది కదా, బలవంతంగా రంగు వేయించే ఆప్షన్ ఒకటి ప్రోగ్రామ్‌లో పెట్టండి.