ఉప్పునీటి ట్యాంకులో ఇసుక, రాళ్లు: మడ్డి ఎలా తీయాలి

చేపలు, పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకులో ఇసుక మీద మరక కనబడగానే పైపు పెట్టి మొత్తం తోడేయకండి. ముందు ఆ మరక ఏమిటో తేల్చుకోండి. ఒకదానికి మందు అనుకున్నది ఇంకోదానికి మేత అవుతుంది.

కొత్త ట్యాంకులో మొదటి రెండు నెలల్లో ఇసుక మీద గోధుమరంగు పొడి చల్లినట్టు కనిపిస్తే అది డయాటమ్ అనే సూక్ష్మ పాచి. నీటిలోని సిలికా మీద పెరుగుతుంది. కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది. పోకపోతే నీటిని శుద్ధి చేసే ఆర్‌ఓ యూనిట్‌లోని, మిగిలిన లవణాలను పట్టే డీఐ రెజిన్‌ను అనుమానించండి. రెజిన్ అయిపోయే దశలో ముందుగా జారిపోయేది సిలికానే, నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు అప్పటికీ సున్నానే చూపిస్తుంటుంది.

ముదురు ఎరుపు, ఊదా రంగుల్లో జిగురుగా ఉండి, గోటితో లాగితే తడిబట్టలా పొరగా లేచేది సైనోబాక్టీరియా. నీటి ప్రవాహం అందని మూలల్లో, మేత మిగిలిపోయే చోట ముందు పడుతుంది. సైఫన్‌తో పొరంతా లాగేసి, ఆ మూలకు పవర్‌హెడ్ (నీటిని తోసే చిన్న పంపు) తిప్పి, మేత తగ్గిస్తే చాలావరకు లొంగుతుంది. ఎరిత్రోమైసిన్ (యాంటీబయాటిక్) జోలికి ముందే వెళ్లకండి. అది మేలు చేసే బాక్టీరియానూ దెబ్బ తీయవచ్చు, చచ్చిన పొర కుళ్లి నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది.

మూడోది డైనోఫ్లాజెలేట్ అనే ఏకకణ జీవి. గోధుమరంగు చీమిడిలా తీగలు, వాటి కొసల్లో గాలి బుడగలు. చాలా రకాలు పగలు పెరిగి, లైటు ఆర్పాక పలచబడతాయి. అనుమానం తీరాలంటే కొంచెం తీసి చిన్న సీసాలో ట్యాంకు నీళ్లతో బాగా కుదపండి, టిష్యూ కాగితంలో వడకట్టి, ఆ నీటిని గంటసేపు వెలుతురులో ఉంచండి. మళ్లీ తీగలుగా కూడితే డైనోలే. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకు పడిపోయిన ట్యాంకుల్లోనే ఇవి ఎక్కువగా చెలరేగుతాయి. అందుకని ఇక్కడ నీళ్లు మార్చడం ఆపాలి. నైట్రేట్‌ను 5–10 పీపీఎం (పది లక్షల్లో వంతులు), ఫాస్ఫేట్‌ను 0.05–0.1 పీపీఎం మధ్యకు తేవాలి.

ఇక వారం వారం చేసే పని. 200 లీటర్ల ట్యాంకు అనుకుందాం. తోడేసే నీటికి బదులు పోయడానికి ముందురోజే 20 లీటర్ల ఆర్‌ఓ డీఐ నీటిలో లీటరుకు 35–38 గ్రాముల చొప్పున రీఫ్ సాల్ట్ వేసి, చిన్న పంపుతో రాత్రంతా తిప్పండి. సాంద్రత 1.025, వేడి ట్యాంకుతో సమానంగా ఉండాలి. ఉప్పుదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను మంచినీటితో కాకుండా 35 పీపీటీ (వెయ్యిలో 35 వంతుల ఉప్పు) ద్రావణంతో సరిచూసుకోండి.

మొదట రాళ్లు. పవర్‌హెడ్లు తిరుగుతుండగానే రబ్బరు బుడ్డి ఉన్న గొట్టమైన టర్కీ బాస్టర్‌తో రాతి సందుల్లోకి గట్టిగా పిచికారీ చేయండి. పొయ్యిలో బూడిద ఊదినట్టు గోధుమరంగు మడ్డి గుప్పున లేస్తుంది. పైనుంచి మొదలుపెట్టి కిందకు రండి, కోరల్ మీద పడ్డదీ ఊదేయండి. ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ తొట్టి, అంటే సంప్‌లో 200 మైక్రాన్ల ఫిల్టర్ సాక్ (వడకట్టే సంచి) ఉంటే చాలావరకు అందులో పడుతుంది. అరగంట ఆగితే మిగతాది ఇసుక మీద కూర్చుంటుంది. సాక్‌ను మర్నాడే తీసి ఉతకండి. అక్కడే వదిలేస్తే మడ్డి కుళ్లి మళ్లీ నీటిలోకే కరుగుతుంది.

తర్వాత ఇసుక. 1–2 మిల్లీమీటర్ల గింజలున్న అరగొనైట్ (సున్నపు ఇసుక), 3–5 సెంటీమీటర్ల మందం ఉన్న పరుపుకు ఈ పద్ధతి. సైఫన్ గొట్టాన్ని అడుగు దాకా దింపండి. ఇసుక గొట్టంలో సగం దాకా ఎగసి గిర్రున తిరుగుతుంది, తేలికైన మడ్డి టీ రంగులో పైపులోకి పోతుంది. ఇసుక ఇంకా పైకి వస్తుంటే పైపును మడిచి నొక్కండి, గింజలు కిందకు జారతాయి. నీరు తేటపడ్డాక పక్క జాగాకు జరగండి. సన్నని ఇసుకకు సన్నని పైపే మేలు, లావు పైపు ఇసుకనంతా బకెట్లోకి లాక్కుంటుంది. ఒకసారికి నాలుగో వంతు జాగా చాలు. నెలకు మొత్తం ఒక చుట్టు పూర్తవుతుంది. అంతా ఒకేరోజు కెలికితే అందులో కాపురమున్న బాక్టీరియా చెదిరి, అమ్మోనియా పెరగవచ్చు.

ఏడాదిగా ఎవరూ ముట్టని ఇసుక, లేదా 10 సెంటీమీటర్లు దాటిన పరుపు అయితే లోపలికి దిగకండి. అద్దం పక్కన నల్లటి మచ్చలు, కదిపితే కుళ్లిన గుడ్డు వాసన ఉంటే అది హైడ్రోజన్ సల్ఫైడ్, చేపలను చంపగలదు. పైన ఒక సెంటీమీటరే గీకుతూ, వారానికి ఆరో వంతు చొప్పున వెళ్లండి. మర్నాడు అమ్మోనియా పరీక్ష తప్పనిసరి.

రాతికి జుట్టులా పట్టిన పాచిని చేత్తో పీకి, పక్కనే సైఫన్ నోరు ఉంచండి, లేకపోతే ముక్కలు తేలిపోయి ఇంకోచోట అంటుకుంటాయి. మొండిదైతే రాయిని బయటకు తీసి, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను టూత్‌బ్రష్‌తో పాచి మీద మాత్రం రాయండి. మెడికల్ షాపు సీసా మీద 6 శాతం అని ఉంటే సమానంగా ఆర్‌ఓ నీళ్లు కలపాలి. ఒకటి రెండు నిమిషాల్లో నురగ వస్తుంది. ట్యాంకు నుంచి తోడిన ఉప్పునీటిలోనే బాగా కడిగి పెట్టండి. రొయ్యలకు పెరాక్సైడ్ పడదు.

మడ్డి ఎప్పుడూ ఒకే మూలలో పేరుకుంటోందంటే అది ప్రవాహం లోపమే. గంటకు ట్యాంకు పరిమాణానికి 20–40 రెట్లు నీరు కదలాలి. మేత విషయం ఇంకా ముఖ్యం: ఫ్రోజెన్ మైసిస్ (చిన్న రొయ్యల్లాంటి మేత) ముక్కను కరిగించి, టీ వడకట్టే జాలీలో పోసి, ఆ రసం పారబోశాకే వేయండి.

ఇసుకలో దాగి, మాంసం వాసనకు ఒక్కసారిగా బయటికొచ్చే నసారియస్ నత్తలు మిగిలిన మేతను తింటాయి. సెరిత్ నత్త‌లు పలచటి పాచిని చూసుకుంటాయి. 200 లీటర్లకు రెండూ కలిపి పది పదిహేను చాలు. ఇసుక జల్లెడ పట్టే నక్షత్రచేప మాత్రం అంత చిన్న ట్యాంకులో ఆకలికి చస్తుంది. విదేశీ పుస్తకాల్లో ఇసుక శుభ్రతకు సముద్ర దోసకాయను సూచిస్తారు. మన దేశంలో 2001 నుంచి అవి, రీఫ్ కట్టే పగడాలు కూడా, 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షిత జీవులు. తీరం నుంచి రాయి తెచ్చుకునే ఆలోచన కూడా మానుకోండి. పొడి రాయి (డ్రై రాక్), తయారుచేసిన రాయి ఉండనే ఉన్నాయి.

సైఫన్‌తో కొంత ఇసుక ఎలాగూ పోతుంది. కొత్తది కడిగి, పీవీసీ గొట్టంలోంచి కప్పు చొప్పున అడుగుకు జారవిడవండి. విశాఖ, భీమిలి ఇసుక ఊరికే వస్తుందని తేవద్దు. అందులో ఇల్మెనైట్, గార్నెట్ లాంటి బరువు ఖనిజాలుంటాయి, అయస్కాంతానికి అంటుకునే నల్లటి గింజలూ ఉంటాయి. అవి గాజు తుడిచే మాగ్నెట్‌కు పట్టుకుంటే అద్దమంతా గీతలే. అరగొనైట్ గింజ ఇరుక్కున్నా అంతే, కాబట్టి మాగ్నెట్‌ను ఇసుకకు రెండు సెంటీమీటర్ల పైనే ఆపండి, ఆ కింది భాగానికి పాత ఏటీఎం కార్డు వాడండి.